ఉన్నదాంతో కాచిందే అసలు సూప్

*బోర్ష్, ఫో, హరీరా, తోమ్ యమ్... పేర్లు పరాయివే. వాటిని కాచే లెక్క మాత్రం చారూ పులుసూ కాచే చేతికి కొత్తది కాదు.*

జనవరి ఒకటో తేదీ పొద్దున్నే హైతీ రాజధాని పోర్టోప్రిన్స్‌లో ఏ వీధిలోకి వెళ్లినా గుమ్మడికాయ ఉడుకుతున్న వాసనే. నిమ్మరసంతో కడిగి, వెల్లుల్లీ ఆకుమూలికలూ పట్టించి రాత్రంతా నానబెట్టిన మాంసం పెద్ద గిన్నెల్లో కుతకుతలాడుతుంటుంది. ఒకరు ఉడికిన గుమ్మడి ముక్కలను మెత్తగా మెదుపుతుంటే, ఇంకొకరు క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప తరిగి అందిస్తుంటారు. చివర్లో గుప్పెడు మాకరోనీ పడుతుంది. చీల్చకుండా పైన తేలేసిన ఒక్క మిరపకాయ ఘాటునంతా నింపుతుంది. సూప్ తయారవగానే గిన్నెలు ఇంటి నుంచి ఇంటికి నడుస్తాయి. దాని పేరు సూప్ జూమూ. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఆ గుమ్మడి సూప్‌ను వండింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు, తిన్నది తోటల యజమానులు. వండిన చేతికి రుచి చూసే హక్కు లేదు. 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించుకున్న హైతీ జనం, తమకు దక్కనివ్వని ఆ వంటకాన్నే పండగ భోజనం చేసుకున్నారు. రెండు వందల ఏళ్లు దాటినా ఆ రోజు ఆ సూప్ కాయకుండా ఏడాది మొదలవదు.

2021 డిసెంబరులో యునెస్కో ఈ సూప్ జూమూను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ జాబితాలో హైతీకి అదే తొలి చోటు. మరుసటి ఏడాది జులై 1న, రష్యా దాడి మొదలైన కొన్ని నెలలకే, ఉక్రెయిన్ బీట్‌రూట్ సూప్ 'బోర్ష్' అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాకెక్కింది. 2024 డిసెంబరులో థాయ్‌లాండ్ రొయ్యల సూప్ 'తోమ్ యమ్ కుంగ్' వంతు వచ్చింది. మూడేళ్లలో మూడు సూపులు! ఇటు మన నగరాల్లోనూ వీటి మీద ఆసక్తి పెరిగింది. కొరియన్ సీరియళ్లు చూసిన పిల్లలు రామెన్ అడుగుతున్నారు. హైదరాబాద్ కేఫుల మెనూల్లోకి వియత్నాం ఫో వచ్చింది. సూపర్ మార్కెట్ అరల్లో చేపల సాస్ సీసాలు కనిపిస్తున్నాయి. దాంతో 'ఇవి ఇంట్లో చేసుకోవచ్చా?' అన్న ప్రశ్న వస్తోంది. మామూలుగా దొరికే జవాబు పది విదేశీ సరుకుల చీటీ. ఆ చీటీ చూసి ఉత్సాహం చల్లారిపోయినవాళ్లే ఎక్కువ.

నిజానికి ఆ చీటీ దగ్గరే తప్పుదారి పడుతున్నాం. ఉక్రెయిన్ విషయంలో యునెస్కో నమోదు చేసింది ఒక రెసిపీని కాదు, బోర్ష్ వండే సంస్కృతిని. ఊరూరా, ఇంటింటా మారుతూ, పెళ్లిళ్లలోనూ చావు భోజనాల్లోనూ కుటుంబాన్ని కూర్చోబెట్టే అలవాటును. అంటే సంప్రదాయం ఉన్నది సరుకులో కన్నా ఆ సరుకును ఎంచుకునే తీరులో. ప్రపంచంలో పేరున్న పాత సూపుల్లో చాలావాటిని పుట్టించిన నియమం ఒక్కటే: ఇంట్లో, పెరట్లో, సంతలో ఏది చేతికందితే దాన్ని నీళ్లలో వేసి, దాని నుంచి రాబట్టగలిగినదంతా రాబట్టడం. ఆ నియమం పాటిస్తూ మన అంగట్లో దొరికేవాటితో కాచుకోవడం రాజీ కాదు, ఆ సూపులకు చూపగల మర్యాద. కాకపోతే ఒక షరతుంది. గిన్నెలో ఏ వస్తువు ఏ పని చేస్తోందో తెలిసి ఉండాలి.

స్టార్టర్‌గా మారిన భోజనం

మనకు సూప్ అనగానే గుర్తొచ్చేది పెళ్లి విందులో చిన్న కప్పుతో అందించే స్వీట్ కార్న్ సూపో, హోటల్ మెనూలో మొదట కనిపించే మంచావో. కార్న్‌ఫ్లోర్ చిక్కదనం, సోయాసాస్ నలుపు, మీద కరకరలాడే నూడుల్స్... ఇండియన్ చైనీస్ హోటళ్లలో స్థిరపడిన రుచి అది. రుచిగా ఉండొచ్చు, అందులో పేచీ లేదు. అయితే దాని వల్ల సూప్ అంటే భోజనానికి ముందు తాగేదన్న అభిప్రాయం పాతుకుపోయింది. చాలా దేశాల్లో సూపే భోజనం. ఇటలీలోని టస్కనీ రైతులు ఎండిపోయిన రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, నల్లని కేల్ ఆకు కలిపి కాచే 'రిబొలీటా' మొదటి రోజు మిగిలిన సూప్‌ను మళ్లీ మరిగించి తినేది. ఫ్రాన్స్ రేవు పట్టణం మార్సెయ్‌లో జాలర్లు అమ్ముడుపోని ముళ్ల చేపలను గిన్నెలో వేసి కాచుకున్నదే 'బుయ్యబేస్'. 1969లో ఊరి బయటికి తరలించేదాకా పారిస్ నడిబొడ్డున లే ఆల్ అనే పెద్ద బజారు ఉండేది. రాత్రంతా అక్కడ మూటలు మోసిన కూలీలను వేకువన ఆదుకున్నది ఉల్లిపాయలు, పాత రొట్టె, చీజ్‌తో చేసే వేడి సూప్. ఇవాళ ఖరీదైన హోటళ్లలో వెండి చెంచాతో తినేవాటిలో కొన్ని, ఒకప్పుడు పారేయడానికి మనసొప్పని ఇంటివాళ్లు కనిపెట్టినవే.

సూప్ జూమూ ఈ లెక్కలో ఇమడదు కదా, అది దొరల భోజనం కదా అని ఎవరైనా అడగొచ్చు. సరైన ప్రశ్నే. అన్ని సూపులూ పేదరికంలోంచి పుట్టలేదు. కానీ దొరల వంటకం జనం చేతికొచ్చాక ఏమైందో చూడాలి. మాంసం ఎక్కువున్న ఇంట మాంసంతో, లేని ఇంట కూరగాయలతో, ఏ దుంప దొరికితే ఆ దుంపతో సాగింది. అందరిళ్లలోనూ ఉడకాలంటే సూప్ అందరి సరుకుకూ ఒదగాలి. ఒదిగింది కాబట్టే నిలిచింది. అసలు మట్టికుండ వయసెంతో చూస్తే ఈ అలవాటు ఎంత పాతదో తెలుస్తుంది. చైనా జియాంగ్సీ ప్రాంతంలోని షియాన్‌రెన్‌డాంగ్ గుహలో దొరికిన కుండ పెంకులు సుమారు 20,000 ఏళ్ల నాటివని 2012లో పరిశోధకులు ప్రకటించారు. కొన్నింటి మీద పొయ్యి సెగ తగిలిన మచ్చలున్నాయి. మనిషి వ్యవసాయం నేర్చుకోవడానికి వేల ఏళ్ల ముందే కుండ నిప్పుల మీదికెక్కిందన్నమాట. గట్టి ఎముకా, నమలలేని గింజా, నారదుంపా అందులో పడ్డాకే ముసలివాళ్లకూ పసివాళ్లకూ తిండయ్యాయి.

మన ఇళ్లలోనూ భోజనమే అయిన సూపులున్నాయి. వాటిని ఆ పేరుతో పిలవం, అంతే. రాత్రి కలిపి పులియబెట్టిన రాగిపిండిని పొద్దున కాచి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగే అంబలి ఒకటి. రాయలసీమలో సంగటి ముద్ద చిదుముకుని నాటుకోడి పులుసులో ముంచుకు తినడం ఇంకొకటి. ఘనాలో ఫుఫు ముద్దను వేరుశనగ సూప్‌లో ముంచుకుని మింగే భోజనం అచ్చంగా ఇదే పద్ధతి. అక్కడ కర్రపెండలం ముద్ద, ఇక్కడ రాగి ముద్ద. అక్కడి సూప్‌కి చిక్కదనమిచ్చే వేరుశనగ అనంతపురం చేలల్లో పండేదే. దాని పుట్టిల్లు మాత్రం ఆఫ్రికా కాదు, అనంతపురమూ కాదు, దక్షిణ అమెరికా.

గిన్నెలో జరిగే నాలుగు పనులు

సూపుల పేర్లు వందలుండొచ్చు. గిన్నెలో జరిగే పనులు మాత్రం ప్రధానంగా నాలుగు. మొదటిది నీటికి సారం పట్టించడం. మూలుగ బొక్కలను సన్నసెగ మీద గంటల తరబడి కాచినప్పుడు వాటిని అంటుకున్న పీచు కరిగి నీటికి జిగురునిస్తుంది. పాయా కాచేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వియత్నాం ఫోలో జరిగేదీ ఇదే. ఎముకలను ఒక పొంగు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, కడిగి, మళ్లీ కొత్త ఎసట్లో వేస్తారు. మంట మీద నేరుగా కాల్చిన ఉల్లిపాయ, అల్లం జోడిస్తారు. ఆపై గుడ్డలో మూట కట్టి వేసే మసాలా చూడండి: అనాస పువ్వు, దాల్చిన చెక్క, లవంగాలు, నల్ల యాలకులు. బిర్యానీ వండే ఇంట్లో ఇవన్నీ డబ్బాలోనే ఉంటాయి! ఎముక లేని సారం కూడా ఉంది. 1908లో టోక్యో శాస్త్రవేత్త కికునాయె ఇకెడా, కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీటికి అంత రుచి గ్లుటమేట్ వల్ల వస్తోందని తేల్చాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. బాగా పండిన టమాటాలో గ్లుటమేట్ దండిగా ఉంటుంది. దానికి తోడై ఆ రుచిని రెట్టించే పదార్థాలు ఎండుచేపల్లో, ఎండు పుట్టగొడుగుల్లో ఉంటాయి. కొరియా ఇళ్లలో రోజువారీ సూపులకు వాడే సారం ఎండు నెత్తళ్లతో కాచేదే. కాకినాడ, విశాఖ బజార్లలో అమ్మే నెత్తళ్లు ఆ కుటుంబానివే. తలా పేగూ తీసేసి, పొడి మూకుడులో వేయించి, పావుగంట మరిగించి వడకడితే చాలు.

రెండోది చిక్కదనం. టర్కీలో ఎర్రపప్పు మెదిపి తెస్తారు, టస్కనీలో పాత రొట్టెతో, ఘనాలో వేరుశనగ ముద్దతో, హైతీలో గుమ్మడితో. మొరాకోలో రంజాన్ ఉపవాసం విడిచాక ఖర్జూరంతోపాటు తాగే 'హరీరా'లో శనగలు, పప్పు, టమాటా ఉడికాక నీళ్లలో కలిపిన పిండిని సన్నధారగా పోస్తారు. మనం పులుసులో బియ్యప్పిండో శనగపిండో కలిపి పోసేది ఇందుకే. అంటే కార్న్‌ఫ్లోర్ డబ్బా లేకుండానే ప్రపంచం సూప్‌ను చిక్కబరుచుకుంది. పప్పుతో వచ్చే చిక్కదనం కడుపూ నింపుతుంది. కార్న్‌ఫ్లోర్‌తో వచ్చేది కంటికీ నాలుకకూ మాత్రమే.

మూడోది పులుపు. మన నాలుకకు ఎక్కువ తెలిసిన సంగతి ఇదే. ఫిలిప్పీన్స్ జనం ఇష్టంగా తినే 'సినిగాంగ్' చింతకాయ పులుసుతోనే కాస్తారు. చేపో రొయ్యో మాంసమో, ముల్లంగీ బెండకాయా పాలకూర లాంటి ఆకూ అందులో పడతాయి. బర్మాలో భోజనంతో పాటు వడ్డించే పలుచటి పుల్లని సూప్‌కి గోంగూరే ఆధారం. పోలండ్ 'జురెక్' పులుపు, రై పిండిని నీళ్లలో కలిపి కొన్ని రోజులు పులియబెట్టడం వల్ల వస్తుంది. అంబలి పులుపుకు చాలా దగ్గరి చుట్టం. నాలుగోది చివరి వడ్డన, మన మాటలో తాలింపు. టర్కీ పప్పు సూప్ మీద కాగిన వెన్నలో ఎర్ర మిరప తునకలు వేసి చుయ్యిమనిపించి పోస్తారు. ఫో మీద పచ్చి ఆకులు, నిమ్మరసం. బోర్ష్ మీద పుల్లని మీగడ, సోయకూర. పొయ్యి దించాక జరిగే ఈ చిన్న పనిని తేలిగ్గా తీసుకుంటేనే ఇంటి సూప్ చప్పబడుతుంది.

■ పులుపు పటం

• చింతపండు: ఫిలిప్పీన్స్ సినిగాంగ్, మన చారు. చింత చెట్టు పుట్టిల్లు ఆఫ్రికా.
• గోంగూర: బర్మా పుల్లని సూప్, మన పులుసులు.
• నిమ్మరసం: తోమ్ యమ్, హరీరా. పొయ్యి దించాకే పిండాలి. మరిగితే వాసన పోతుంది.
• పులిసిన పిండి: పోలండ్ జురెక్, మన అంబలి.
• పులియబెట్టిన బీట్‌రూట్ నీళ్లు: ఉక్రెయిన్ బోర్ష్. బీట్‌రూట్ ఎరుపు వెలిసిపోకుండా కాపాడేదీ పులుపే. ఇంట్లో నిమ్మరసమో వెనిగరో ఆ పని చేస్తుంది.
• పెరుగు: బల్గేరియా చల్లని సూప్ తరతోర్, మన మజ్జిగ పులుసు.

'అసలు రుచి రాదు కదా!'

ఇంట్లో సరుకు మార్చి వండితే అది ఫో ఎలా అవుతుంది, బోర్ష్ ఎలా అవుతుంది అన్నది అందరూ లేవనెత్తే అభ్యంతరం. ఇందులో కొంత న్యాయముంది, కొంత భ్రమ ఉంది. భ్రమ ఏమిటంటే, ఆ సూపులు ఎప్పుడో ఒకనాడు తయారై అలాగే నిలిచిపోయాయనుకోవడం. బోర్ష్‌కి మొదట ఆధారం బీట్‌రూటే కాదు, పుల్లబెట్టిన ఒక అడవి మొక్క. బంగాళాదుంపా టమాటా చేరింది అమెరికా ఖండాల నుంచి ఆ పంటలు యూరప్‌కి వచ్చాక. స్పెయిన్ దక్షిణాన అండలూసియాలో చేసే చల్లని సూప్ గజ్‌పాచో ఇవాళ ఎర్రగా కనిపిస్తుంది. టమాటా రాకముందు అది రొట్టె, వెల్లుల్లి, ఆలివ్ నూనె, వెనిగర్‌ల తెల్లని సూప్. ఫో వయసు ఇంకా తక్కువ. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఉత్తర వియత్నాంలో నామ్ దిన్, హనోయ్ ప్రాంతాల్లో, ఫ్రెంచివాళ్ల వల్ల పెరిగిన పశుమాంసపు వాడకం మిగిల్చిన ఎముకలతో అది రూపు కట్టింది. 1954లో దేశం రెండుగా చీలి లక్షల మంది దక్షిణానికి తరలినప్పుడు వాళ్లతో ఫో కూడా వెళ్లింది. సైగాన్‌లో దానికి తీపి పెరిగింది, మొలకలూ రకరకాల ఆకులూ తోడయ్యాయి. 1975 తర్వాత కాందిశీకులతో అమెరికా, ఆస్ట్రేలియా చేరి అక్కడి అంగళ్ల సరుకుతో కుదురుకుంది. హనోయ్ ఫోనా, సైగాన్ ఫోనా ఏది అసలుదని వాదించుకునేవాళ్లు నేటికీ ఉన్నారు. రెండూ అసలువే. ఎందుకంటే రెంటినీ ఇళ్లు పోషించాయి, వీధులు పోషించాయి.

న్యాయమున్న భాగం ఇంకొకటి. మార్పులన్నీ సమానం కావు. తోమ్ యమ్‌లోంచి నిమ్మగడ్డి తీసేసి, కార్న్‌ఫ్లోర్ కలిపి, సోయాసాస్ పోసి అదే పేరుతో అమ్మితే అది మోసమే. 1980లో మార్సెయ్ హోటళ్లవాళ్లు కొందరు బుయ్యబేస్‌కి ఒక నియమావళి రాసుకున్నారు. ఫలానా జాతుల్లోంచి కనీసం నాలుగు రకాల చేపలుండాలన్నారు. పర్యాటకులకు ఏదో ఒక చేపల పులుసు పోసి ఆ పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ల మీద విసుగెత్తి చేసుకున్న కట్టుబాటు అది. గమనించాల్సిందేమంటే ఆ కట్టుబాటు అమ్మేవాళ్లకే. ఇంట్లో కాచుకునే జాలరి ఆ రోజు వలలో పడ్డదే వేస్తాడు. పేరు పెట్టి అమ్మేటప్పుడు ఉండాల్సిన నిక్కచ్చితనాన్ని ఇంటి గిన్నె మీద రుద్దడం వల్లే జనం వండడానికి భయపడుతున్నారు.

మరి ఇంట్లో హద్దేమిటి? రూపాన్ని చూసి కాక పనిని చూసి మార్చడం. హైతీ సూప్‌లో వేసే థైమ్ ఆకు దొరకలేదనుకోండి. దాని వాసనకు మూలం థైమాల్ అనే తైలం. మన వాములో ఉన్నదీ అదే. కాబట్టి థైమ్ బదులు కొత్తిమీర కన్నా చిటికెడు వాము నయం. ఆకుకి ఆకే కదా అని కొత్తిమీర వేస్తే రంగు దక్కుతుంది, వాసన తప్పుతుంది. తోమ్ యమ్‌లో వాడే మాక్రుట్ నిమ్మ ఆకుకు బదులు మజ్జిగలో నలిపి వేసే నిమ్మాకో దబ్బాకో పనికొస్తుంది. థాయ్‌వాళ్ల గలాంగల్ మన మూలికల దుకాణంలో దుంపరాష్ట్రం పేరుతో ఉండేదానికి దగ్గరిదే. నిమ్మగడ్డికి మాత్రం బదులు లేదు. అది తెచ్చుకోవాలి, లేదా కుండీలో పెంచుకోవాలి. అదీ కుదరకపోతే ఆ పూట ఇంకో సూప్ కాచుకోవాలి.

■ మార్చొచ్చు, మార్చకూడదు

• ఫో: మాంసం ఏదైనా ఫర్వాలేదు. ఉల్లి, అల్లం కాల్చడం మానొద్దు.
• ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్: చీజ్ ఏ రకమైనా సరే. ఉల్లిపాయలు సన్నసెగ మీద ముప్పావుగంట నుంచి గంట వేగి తేనెరంగు తిరగాల్సిందే. చక్కెర చల్లి తొందరపడితే రంగు వస్తుంది, లోతు రాదు.
• రిబొలీటా: కేల్ బదులు ముదురు ఆకుకూర ఏదైనా. రొట్టె మాత్రం పాతబడి గట్టిపడి ఉండాలి.
• తోమ్ యమ్: చేపల సాస్ లేకపోతే ఎండు రొయ్యలు మరిగించిన నీళ్లు, ఉప్పు. నిమ్మగడ్డి తప్పదు.

టైమ్ ఎక్కడుంది?

ఇది ఇంకా బరువైన అభ్యంతరం. సన్నసెగ, గంటల కాపు అంటూ రాయడం సులువు. ఇల్లూ ఉద్యోగమూ మోస్తున్న ఆడవాళ్లకు ఆ గంటలెక్కడివి? ఈ ప్రశ్నను పక్కన పెట్టి సంప్రదాయాన్ని పొగడటం అన్యాయం. ప్యాకెట్ సూప్ పుట్టిందే ఈ ప్రశ్నకు జవాబుగా. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్‌లో మిల్లు పనులకు పోయే ఆడవాళ్లకు వంట చేసుకునే తీరిక లేక, కార్మిక కుటుంబాల తిండి క్షీణిస్తోందని అక్కడి ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్, వైద్యుడు ఫ్రిడోలిన్ షూలర్ ఆందోళనపడ్డాడు. బలమూ ఉండాలి, చవగ్గా ఉండాలి, త్వరగా ఉడకాలి అన్న లక్ష్యంతో పిండిమర యజమాని జూలియస్ మాగీ బఠాణీ, చిక్కుళ్ల పిండితో 1886లో తక్షణ సూపులు తెచ్చాడు. అమెరికాలో క్యాంప్‌బెల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జాన్ డొరన్స్ 1897లో సూప్‌లోంచి నీళ్లు తగ్గించి డబ్బాలో పెట్టే పద్ధతి కనిపెట్టాడు. నీళ్లు మోసే ఖర్చు తప్పింది, ధర దిగింది. ఆకలీ తీరికలేమీ నిజమైనవి కాబట్టే ఆ సరుకు అంతలా అమ్ముడైంది. దాన్ని తిట్టి లాభం లేదు.

అయితే తక్షణ సూప్ ఫ్యాక్టరీ బుర్రలోనే పుట్టిందనుకోవద్దు. టర్కీ పల్లెల్లో పెరుగు, పిండి, కూరగాయలు కలిపి రోజుల తరబడి పులియబెట్టి, ఎండలో ఆరబెట్టి, పొడి చేసి దాచుకునే 'తర్హానా' అంతకు ముందెన్నో తరాల నాటిది. చలికాలంలో చెంచాడు పొడి నీళ్లలో కాస్తే భోజనం సిద్ధం. కాబట్టి సమస్య త్వరగా కావడంతో కాదు. ప్యాకెట్లో ఏది పోతోందన్నదే అడగాలి. పోతున్నది ముఖ్యంగా ఉప్పు మీద మన అదుపు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ప్యాకెట్ సూప్ ఒక్క గిన్నెతోనే అందులో గణనీయమైన వాటా అయిపోవచ్చు. కొనేముందు వెనకనున్న సోడియం లెక్క చూసుకోవాలి. ఇంట్లో అయితే సారం, పులుపు, చివరి వడ్డన సరిగా కుదిరితే ఉప్పు తగ్గించినా నాలుక గొడవ చేయదు.

ఇక గంటల సంగతి. సూప్‌కి పట్టే కాలం వేరు, మనిషి నిలబడే కాలం వేరు. గిన్నెకు గంటలు కావాలి గాని మనిషికి తరిగి వేయడం, నురగ తీయడం, చివర్లో రుచి చూడటం తప్ప పెద్ద పని లేదు. వేపుడు దగ్గరా చపాతీల దగ్గరా నిలబడ్డంత సేపు సూప్ నిలబెట్టదు. పైగా మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ ఉంది. ఎముకల కాపును నాలుగైదు గంటల నుంచి ఒక గంటకు దించేస్తుంది. ఆదివారం కాచిన సారాన్ని వడకట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారం మధ్యలో రెండు సూపులు పావుగంట పనే. ఇది ఇంట్లో ఒక్కరి భారం కాకూడదన్న మాట కూడా ఇక్కడే చెప్పాలి. తరగడం, వడకట్టడం, కుక్కర్ దగ్గర విజిళ్లు లెక్కపెట్టడం మగవాళ్లకూ పిల్లలకూ సులువుగా పంచగలిగిన పనులు. వంట రానివాళ్లు మొదలుపెట్టడానికి సూప్ కన్నా మన్నించే వంటకం లేదు. నీళ్లెక్కువైతే మరిగించొచ్చు, చిక్కబడితే పలచన చేయొచ్చు.

■ కుక్కర్ పుట్టింది ఎముకల కోసమే

ఫ్రెంచి శాస్త్రవేత్త డెనీ పపాఁ 1679లో ఆవిరి ఒత్తిడితో ఉడికించే పాత్రను తయారుచేశాడు. ఎముకలను మెత్తబరచి వాటి సారం తీయడమే దాని ఉద్దేశం. ఒత్తిడి మితిమీరితే పాత్ర పేలకుండా వాల్వు పెట్టిందీ ఆయనే. 1682లో లండన్ రాయల్ సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండి విందు ఇచ్చాడు. గట్టి ఎముకలు కూడా మెత్తగా ఉడికాయని ఆ విందుకెళ్లిన జాన్ ఎవెలిన్ తన డైరీలో రాసుకున్నాడు. ఆ పాత్రే నేటి ప్రెషర్ కుక్కర్‌కి మూలం.

మన ఎండల్లో సూపా?

చలిదేశాల వంటకం మనకెందుకన్న మాటా వినిపిస్తుంది. పటం తీసి చూస్తే ఈ వాదం నిలవదు. తోమ్ యమ్, సినిగాంగ్, హైతీ సూప్, పశ్చిమ ఆఫ్రికా మిరియాల సూప్... ఇవన్నీ ఉక్కపోసే దేశాలవే. కొరియాలో ఏడాదిలో అతి వేడి రోజులుగా లెక్కించే మూడు రోజుల్లో పనిగట్టుకుని మరుగుతున్న 'సమ్‌గ్యేతాంగ్' తింటారు. కోడిపిల్ల పొట్టలో జిగురుబియ్యం, జిన్సెంగ్ వేరు, రేగుపళ్లు కూరి కాచే సూప్ అది. చల్లనివి కావాలంటే గజ్‌పాచో ఉంది, పొయ్యి అక్కర్లేదు. బల్గేరియా తరతోర్‌కి చిలికిన పెరుగు, కీరా, వెల్లుల్లి, సోయకూర, అక్రూటు పలుకులు చాలు. వేసవి మధ్యాహ్నం మజ్జిగ తాగే జనానికి ఇదెలా పరాయిదవుతుంది?

మాంసం తినని ఇళ్ల మాటేమిటంటే, మతాచారాలే అక్కడా దారి చూపాయి. క్రిస్మస్ ముందు రాత్రి ఉక్రెయిన్ ఇళ్లలో వండే బోర్ష్‌లో మాంసం ఉండదు. పుట్టగొడుగులూ చిక్కుడు గింజలూ సారమిస్తాయి. టర్కీ పప్పు సూప్, రిబొలీటా మాంసం ఊసు లేకుండా నిండుగా ఉంటాయి. హరీరానూ అలా కాచేవాళ్లున్నారు. ఉపవాసాలూ పస్తులూ కలిసి ప్రపంచానికి ఇచ్చిన శాకాహార సూపుల జాబితా చిన్నదేమీ కాదు.

సముద్రాలు దాటిన గిన్నెలు

ఇదంతా బయటి రుచులను మనం తెచ్చుకోవడం గురించే అనుకుంటే సగం కథే చెప్పినట్టు. ఇక్కడి గిన్నెలూ ఊళ్లు దాటాయి. 1563లో గోవాలో అచ్చయిన పుస్తకంలో పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఒర్తా, ఇక్కడివాళ్లు రోగులకు మిరియాలూ జీలకర్రా వేసిన గంజి నీళ్లు పట్టిస్తారని రాశాడు. పోర్చుగల్, బ్రెజిల్‌లలో జబ్బుపడ్డవాళ్లకు పెట్టే కోడి, బియ్యం సూప్ 'కాంజా' మన గంజి వారసత్వమేనని చాలామంది ఆహార చరిత్రకారుల మాట. మద్రాసు రాజధానిలో కొలువుచేసిన ఇంగ్లిషువాళ్లు మిరియాల చారుకు మాంసమూ ఉల్లిపాయా చేర్చి 'ములిగటానీ' పేరుతో బ్రిటన్‌కు పట్టుకెళ్లారు. భోజనానికి ముందు సూప్ తాగే తమ అలవాటుకు చారును ఒదిగించుకున్నారు. మనవాళ్లు చూస్తే అది చారే కాదంటారు, వాళ్లకది ఇంటి సూప్.

ఎదురు దిశలోనూ రాకపోకలు జరిగాయి. హైదరాబాద్ విందుల్లో మొదట వడ్డించే మటన్ 'మరగ్' యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల ఇళ్లది. వాళ్ల వారసులుండే బార్కస్‌లోనే కాక ఊరంతా అదిప్పుడు హైదరాబాదీ వంటకమే. పల్చని ఆ రసంలో ఇక్కడి పచ్చిమిర్చీ గరంమసాలా చేరాయి. ఎవరూ అనుమతి అడగలేదు, ఎవరూ నొచ్చుకోలేదు. 1959 తర్వాత ఇండియాకు వచ్చిన టిబెటన్ శరణార్థులతో మన నగరాలకు చేరిన 'థుక్పా' విషయంలోనూ అంతే. ఒకరి సూప్ ఇంకొకరి ఇంట్లో మారుతూ బతకడం కొత్త ఫ్యాషన్ కాదు, అది దాని మామూలు జీవితం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తిండిని తీసుకుని, వండినవాళ్ల కథను వదిలేయడం తేలిక. సూప్ జూమూను ఉత్త గుమ్మడి సూప్ అని చెప్పి పిల్లలకు వడ్డిస్తే రుచి దక్కుతుంది, స్వేచ్ఛ కథ పోతుంది. జాబితాలో చేర్చినంత మాత్రాన ఏ దేశానికీ వంటకం మీద యాజమాన్యం రాదని యునెస్కోయే చెబుతుంది. ఎవరైనా వండొచ్చు. కాని ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పుకోవడం కనీస సంస్కారం.

ఎక్కడ మొదలుపెట్టాలి?

తొలి ప్రయత్నం ఫోతో వద్దు. టర్కీ పప్పు సూప్‌తో మొదలుపెట్టండి. ఎర్రపప్పు, ఉల్లిపాయ, క్యారెట్, ఎండు పుదీనా, వెన్నలో మిరప తాలింపు... అరగంట పని. అది కుదిరితే చిక్కదనం, చివరి వడ్డన మీకు తెలిసినట్టే. తర్వాత ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్ కాయండి. సన్నసెగ ఏం చేస్తుందో అది నేర్పుతుంది. సినిగాంగ్ పులుపును ఎంతవరకు పెంచొచ్చో నేర్పుతుంది, హరీరా పిండిని ఉండకట్టకుండా పోయడం నేర్పుతుంది. ఆ తర్వాత ఎముకల సారం, ఫో. ఈ వరసలో కొనాల్సిన కొత్త సరుకు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఏ సూప్‌నైనా మొదటిసారి కొలతల ప్రకారమే కాయండి. దాని తీరు తెలియకుండా మార్చడం ధైర్యం అనిపించుకోదు, అజాగ్రత్త అవుతుంది. రెండోసారి ఏదైనా ఒక్క వస్తువు తీసేసి, అదే పని చేసే మన వస్తువు వేసి చూడండి. ఆ తర్వాత రెసిపీ మూసేసి, ఆ పూట బుట్టలో మిగిలిన కూరగాయలను చూసి నిర్ణయించుకోండి. టస్కనీ రైతు ఇంట్లో, మార్సెయ్ రేవులో, ఉక్రెయిన్ పల్లెలో జరిగేది సరిగ్గా ఇదే. కొలతలు చూసి వండినంత కాలం మనం వాళ్ల సూప్‌ను అనుకరిస్తున్నట్టు. బుట్ట చూసి వండడం మొదలైన రోజు, వాళ్ల సంప్రదాయాన్ని పాటిస్తున్నట్టు.